"బ్రేకులు ఫెయిల్" అంటే ఏం ఫెయిలైనట్టు? తిరుమల ఘాట్‌ను దగ్గర పెట్టుకుని బ్రేకు, బ్యాటరీల లెక్క

ప్రమాద వార్తల్లో తరచూ ఒకే వాక్యం కనిపిస్తుంది: "బ్రేకులు ఫెయిల్ కావడంతో వాహనం అదుపు తప్పి..." ఆ తర్వాత ఏ లోయలో పడిందో, ఏ పిట్టగోడను ఢీకొట్టిందో ఉంటుంది. తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఈ మాట మరీ అలవాటైపోయింది. తిరుమల నుంచి దిగే మొదటి ఘాట్, మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్, పలమనేరు దారిలో మొగిలి ఘాట్, ఇంకాస్త అవతల హార్సిలీ హిల్స్. ఎటు బయల్దేరినా ఎక్కడో ఒకచోట కొండ దిగాల్సిందే.

ఆ వాక్యం చదవగానే మనకు మనసులో మెదిలేది సైకిల్ బ్రేకు తీగ పుటుక్కున తెగిన దృశ్యం. కార్లలో అట్లా తెగేదేమీ లేదు. కాలి కింద పెడల్‌కూ చక్రానికీ మధ్య ఉన్నది ఆయిల్. అందుకే "ఫెయిల్" అనే ఒక్క మాట కింద వేర్వేరు సమస్యలు దాక్కుని ఉంటాయి. ఒక్కోదానికి కారణం వేరు, కాలికి తెలిసే తీరు కూడా వేరు. ముందు వాటిని విడదీద్దాం. బ్యాటరీ సంగతి తర్వాత వస్తుంది. రెండూ ఒకే ప్రయాణంలో ఎదురయ్యేవే కాబట్టి కలిపే చెప్తున్నాను.

పెడల్ చెప్పే నాలుగు కథలు

పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ అనే పంపు బ్రేక్ ఆయిల్‌ను సన్న గొట్టాల్లోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి ముందు చక్రాల దగ్గర ప్యాడ్లు చక్రంతో పాటు తిరిగే డిస్కు అనే ఇనుప పళ్లాన్ని రెండు వైపుల నుంచి పట్టుకుంటాయి. మన చిన్న కార్లలో వెనక చక్రాలకు ఎక్కువగా డ్రమ్ములే ఉంటాయి, లోపలి షూలు విచ్చుకుని డ్రమ్మును ఒరుసుకుంటాయి. మన కాలి బలం ఒక్కటే చాలదు కనుక మధ్యలో బూస్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా గాలిని పీల్చడం వల్ల పుట్టే వాక్యూమ్‌తో (గాలి లేని ఖాళీతో) అది మన తొక్కుడును కొన్ని రెట్లు చేస్తుంది.

ఇక ఫెయిల్ కావడంలో రకాలు. మొదటిది ప్యాడ్ పట్టు వదలడం. ప్యాడ్‌లోని పదార్థాన్ని అంటిపెట్టుకుని ఉండేది రెసిన్ అనే ఒక రకం జిగురు. వేడి హద్దు మీరితే ఆ రెసిన్ నుంచి వాయువులు వస్తాయి, ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య రాపిడి తగ్గిపోతుంది. పెడల్ మామూలుగా గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. ఎంత తొక్కినా జారుతున్నట్టే ఉంటుంది. కాలిన వాసన కూడా వస్తుంది.

రెండోది బ్రేక్ ఆయిల్ మరగడం. డిస్కు వేడి ప్యాడ్ వెనకున్న ఆయిల్‌కు చేరి అది మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి పుడుతుంది. ఆవిరిని నొక్కితే అది ముడుచుకుపోతుంది, అంతే. పెడల్ దూదిలా మెత్తబడి నేల దాకా పోతుంది. అంతకు ముందు మలుపు దాకా బాగానే ఉన్న బ్రేకు ఈ మలుపులో ఉన్నట్టుండి మాయమైందని డ్రైవర్లు చెప్పేది తరచూ దీని గురించే. వరసగా గబగబా తొక్కితే ఒక్కోసారి కొంత పట్టు వెనక్కి వస్తుంది. బండి నిలిపి చల్లారనిస్తే పెడల్ మళ్లీ గట్టిపడుతుంది. ప్రమాదం జరిగాక బండిని చూసినవాళ్లు "బ్రేకులు బాగానే ఉన్నాయే" అనడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

మూడోది బూస్టర్ సాయం ఆగిపోవడం. ఇంజిన్ ఆగితే డబ్బాలో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకు వస్తుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా అవుతుంది. రెండు కాళ్లూ పెట్టి తొక్కితే బండి ఆగుతుంది కానీ, అది బూస్టర్ సమస్య అని ఆ క్షణంలో ఎవరికి తడుతుంది?

నాలుగోది లీకు. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇప్పటి కార్లలో ఆయిల్ దారి రెండు విడి భాగాలుగా ఉంటుంది. ఒకటి పోయినా రెండోది ఎంతో కొంత ఆపుతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది.

ఈ నాలుగింటిలో మొదటి రెండూ వేడి బిడ్డలే. లారీల ఎయిర్ బ్రేకుల పద్ధతి వేరు, దాన్ని ఇక్కడ ముట్టుకోవడం లేదు.

కొండ దిగితే పుట్టే వేడి ఎంత?

ఇది లెక్క వేసి చూస్తేనే గుండెకు ఎక్కుతుంది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. తిరుపతి దాదాపు 160. అలిపిరి ఊరికంటే కాస్త మీద ఉంది కాబట్టి దిగే ఎత్తు 650 మీటర్లు అనుకుందాం. ఐదుగురు మనుషులు, లడ్డూ సంచులు, సామాన్లతో చిన్న కారు బరువు 1,400 కిలోలు అనుకోండి.

బరువును గురుత్వ త్వరణం 9.8తోనూ, ఎత్తుతోనూ గుణిస్తే సుమారు 89 లక్షల జౌళ్లు వస్తుంది. మన కరెంటు బిల్లు భాషలో అది రెండున్నర యూనిట్లు. ఇంకో రకంగా చెప్పాలంటే 30 లీటర్ల మామూలు నీళ్లను తెర్లబెట్టేంత శక్తి, అంటే రెండు బిందెలు. కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ పెట్రోలు తాగి ఆ శక్తిని బండిలో దాచిపెట్టింది. దిగేటప్పుడు అదంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాల్సిందే. ఇందులో బేరం లేదు.

ఎక్కడెక్కడ ఖర్చవుతుంది? టైర్లు రోడ్డు మీద దొర్లడానికి, గాలిని చీల్చుకు పోవడానికి మెల్లగా దిగే బండిలో మూడో వంతు దాకా పోతుంది. మిగిలిన 60 లక్షల జౌళ్లకు ఉన్నవి రెండే దారులు: ఇంజిన్, లేదా బ్రేకులు. గేర్లో దింపితే ఎక్కువ భాగం ఇంజిన్ తీసుకుంటుంది. చక్రాలే ఇంజిన్‌ను బలవంతంగా తిప్పుతాయి, లోపల గాలిని పీల్చి నొక్కే పనికి ఆ శక్తి ఖర్చవుతుంది, పుట్టిన వేడిని రేడియేటర్ చూసుకుంటుంది. వేడిని మోయడానికే పుట్టినవి కదా ఇంజినూ రేడియేటరూ. న్యూట్రల్లో దింపితే ఆ మొత్తం నాలుగు చక్రాల బ్రేకుల మీద పడుతుంది. అందులో పెద్ద వాటా ముందు రెండు డిస్కులదే.

40 నిమిషాల నిబంధనను ఇంకో కంటితో చూస్తే

తిరుమలకు రెండు ఘాట్ రోడ్లు. 1944లో వేసిన మొదటిది ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. దిగే దారి దాదాపు 19 కిలోమీటర్లు. దాన్ని 40 నిమిషాలకంటే ముందు దాటకూడదని టీటీడీ నిబంధన. పైన టైం నమోదు చేస్తారు, కింద చూస్తారు. సగటున గంటకు 28 కిలోమీటర్ల వేగం అన్నమాట. "ఖాళీ రోడ్డుంటే కూడా ఇంత నిదానంగానా?" అని విసుక్కునేవాళ్లు ఉన్నారు. ముందే వచ్చేసి చెక్‌పోస్టుకు కాస్త ఎగువన బండి ఆపుకుని టైం గడిపేవాళ్లూ లేకపోలేదు.

నిబంధన పెట్టింది వేగం వల్ల మలుపుల్లో జరిగే ప్రమాదాలు తగ్గించడానికి. అయితే వేడి లెక్కకు కూడా అది భలే కుదురుతుంది. 60 లక్షల జౌళ్లను 40 నిమిషాలకు పంచితే సెకనుకు 2,500 జౌళ్లు. అంటే రెండున్నర ఇస్త్రీ పెట్టెలు ఆ సేపంతా వెలిగి ఉన్నట్టు. ఈ వేడిని గాలి చల్లార్చగలదు. అదే దారిని 20 నిమిషాల్లో దిగితే ఐదు ఇస్త్రీ పెట్టెలు. మొత్తం వేడిలో పెద్ద తేడా లేదు, చల్లారే టైం మాత్రం సగమైంది. పైగా వేగంగా వచ్చే బండి మలుపు ముందు ఒక్కసారిగా తొక్కుతుంది, ఆ నాలుగు సెకన్లలో డిస్కు మీద పడే భారం సగటుకు ఎన్నో రెట్లు. పై మలుపులో వేగం, కింద చెట్టు నీడన పది నిమిషాల విశ్రాంతి అన్న పద్ధతి టైం లెక్కను ఒప్పిస్తుంది, బ్రేకును ఒప్పించదు.

చెట్టు నీడ అంటే గుర్తొచ్చింది. అలిపిరి దిగాక పొగలు కక్కుతున్న చక్రాల మీద ఒకాయన రెండు లీటర్ల సీసాతో నీళ్లు పోయడం చూశాను. "సుయ్" మన్న శబ్దం పది అడుగుల దూరంలో నాకు వినిపించింది. డిస్కు పోత ఇనుము. ఎర్రటి వేడి మీద ఒక పక్కే నీళ్లు పడితే వంకర పోవచ్చు, నెర్రె ఇవ్వవచ్చు. వాసన వస్తే సురక్షితమైన చోట ఆపి, గేర్లో ఉంచి, చక్రానికి రాయి పెట్టి పావుగంట వదిలేయడమే దానికి విరుగుడు. హ్యాండ్ బ్రేక్ బిగించి లాగితే వేడెక్కిన డ్రమ్ము చల్లారుతూ షూలను పట్టేసే ప్రమాదం ఉంది, అందుకే రాయి.

న్యూట్రల్లో దింపితే పెట్రోలు మిగులుతుందా?

ఈ వాదన ఇంకా బతికే ఉంది. "కొండ దిగేదానికి ఇంజిన్ ఎందుకు సామీ, ఊరికే ఆయిల్ కాల్చేదానికా?" అని ఒక ట్యాక్సీ డ్రైవరన్న నన్నే అడిగాడు. ఆయన్ని తప్పు పట్టలేం. కార్బురేటర్ల కాలంలో, అంటే అంబాసిడర్లూ పాత మారుతీ 800లూ తిరిగిన రోజుల్లో, గేర్లో దింపినా న్యూట్రల్లో దింపినా ఇంజిన్ ఎంతో కొంత పెట్రోలు పీలుస్తూనే ఉండేది. గేర్లో తిరిగే ఇంజిన్ వేగం ఎక్కువ కనుక అందులోనే ఎక్కువ ఖర్చు. టూ స్ట్రోక్ స్కూటర్లకు ఇంకో చిక్కు. ఆయిల్ పెట్రోల్లోనే కలిసి వెళ్తుంది కాబట్టి యాక్సిలరేటర్ మూసి గేర్లో చాలాసేపు దింపితే లోపల ఆయిల్ అందదు. ఆ కాలం అలవాటు ఈ కాలం బండికి అంటుకుంది.

ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కారులో లెక్క తలకిందులైంది. గేర్లో ఉండి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే కంప్యూటర్ ఇంజెక్టర్లను పూర్తిగా మూసేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నాయి కాబట్టి ఒక్క చుక్క కూడా అవసరం లేదు. న్యూట్రల్లో వేస్తే ఇంజిన్ తనంతట తాను తిరగాలి, దానికి చిన్న కారుకు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా కావాలి. 40 నిమిషాలకు మూడో వంతు నుంచి అర లీటరు. అంటే ఆదా చేస్తున్నామనుకుంటూ చేసేది ఖర్చే, బ్రేకుల అరుగుదల దానికి అదనం.

"ప్యాడ్లు చవక, ఇంజిన్ ఖరీదు, గేర్లో దింపి ఇంజిన్‌ను ఎందుకు బాధ పెట్టడం?" అనేది రెండో వాదన. ఇందులో కొంత నిజం ఉంది. ఎక్కువ వేగంలో ఉండగా ఒక్కసారిగా సెకండ్ గేర్లోకి వేసి క్లచ్ వదిలితే క్లచ్ ప్లేట్ అరుగుతుంది, ఇంజిన్ కుదుపు తింటుంది. కాకపోతే వేగం తగ్గించాకే గేరు మార్చి, ఇంజిన్ నిమిషానికి 2,500 లేదా 3,000 చుట్లు తిరుగుతూ దిగితే అది దానికి కొత్త పని కాదు. హైవే మీద రోజూ తిరిగే వేగమే అది. ఎక్కిన గేర్లోనే దిగాలనే పాత మాట కొత్త బండికీ సరిపోతుంది. ఆటోమేటిక్ కార్లలో ఎల్ అనో, 2 అనో, మాన్యువల్ మోడ్ అనో ఉండేది ఇందుకే. చాలామంది కొన్న రోజు నుంచి దాన్ని ముట్టుకోరు.

ఎలక్ట్రిక్ కార్లు దిగేటప్పుడు మోటారునే జనరేటర్‌గా మార్చి శక్తిని బ్యాటరీలోకి వెనక్కి పంపుతాయి. కొండ దిగడానికి ఇంతకంటే మంచి బండి లేదనిపిస్తుంది. ఒక్క మెలిక: బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే వెనక్కి వచ్చే కరెంటుకు చోటుండదు, ఆ బ్రేకింగ్ బలహీనపడుతుంది. కొండ మీద ఫుల్ చార్జ్ పెట్టుకుని దిగడం కంటే పది పదిహేను శాతం ఖాళీ ఉంచుకోవడం మేలు.

ప్యాడ్ మందం ఒక్కటే చాలదు

కరకంబాడి రోడ్డు వైపు ఒక షెడ్డులో నా బండి చూపిస్తుంటాను. ఓసారి మెకానిక్ ముందు చక్రం విప్పి, తీసిన ప్యాడ్‌ను నా చేతిలో పెట్టాడు. "చూడన్నా, అద్దం మాదిరి ఉండాది" అన్నాడు. నిజమే. నల్లటి ముఖం మీద గోరు పెడితే జారుతోంది. మందం ఇంకా ఐదు మిల్లీమీటర్లుంది. కొత్త ప్యాడ్ మందం పది, పన్నెండు ఉంటుంది. మూడుకు వచ్చాక మార్చమంటారు. ఆ లెక్కన నాది మంచి ప్యాడే. కానీ అంతకు ముందు నెల చుట్టాలతో కొండ దిగుతూ పెడల్ మీద కాలు పెట్టే ఉంచాను. ఆ వేడికి ప్యాడ్ ముఖం కాలి గాజులా మారింది.

దాన్ని ఏం చేయాలనే దానిలో మెకానిక్కుల్లోనే రెండు మాటలున్నాయి. గరుకు కాగితంతో పైపొర తీసేస్తే చాలని కొందరు, మార్చేయాల్సిందేనని కొందరు. పైపైనే కాలితే మొదటి మాట పనిచేస్తుంది. లోపలి దాకా కాలి, అంచులు పొడిగా రాలుతుంటే ఎంత రుద్దినా ఉపయోగం లేదు. నాది రుద్దితే సరిపోయింది.

ఇంకో అలవాటు చూశాను: "రేపు కొండకు పోతున్నాం" అని ముందురోజు సాయంత్రం ప్యాడ్లు మార్పించుకోవడం. ఉద్దేశం మంచిదే. కానీ కొత్త ప్యాడ్ డిస్కుతో సర్దుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా వాడాలి. మొదటిసారే విపరీతంగా వేడెక్కితే దానిలోని రెసిన్ వాయువులు వదిలి పట్టు తప్పే అవకాశం పాతదానికంటే ఎక్కువ. మార్చేదేదో రెండు వారాల ముందే మార్చుకుంటే ఈ చిక్కుండదు.

బ్రేక్ ఆయిల్ విషయంలో జనం అసలు పట్టించుకోనిది దాని వయసు. ఈ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. మూత పెట్టి ఉన్నా రబ్బరు గొట్టాల గుండా మెల్లగా నీరు చేరుతుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. డాట్-4కు అవే అంకెలు 230, 155. ఊళ్లో తిరిగే బండిలో ఆయిల్ అంత వేడెక్కదు కాబట్టి నాలుగేళ్లు మార్చకపోయినా తేడా తెలియదు. తేడా తెలిసేది ఘాట్‌లో, మలుపు మీద. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి అని బుక్కులో రాస్తాయి. రంగు చూసి చెప్పేస్తామనే మెకానిక్కులున్నారు. కొత్తది తేనె రంగులో, పాతది కాఫీ డికాక్షన్‌లా ఉండే మాట వాస్తవమే. అయితే నీరు రంగులో కనిపించదు, దాన్ని కొలిచే పెన్ను లాంటి పరికరం వేరే ఉంది.

బ్రేక్ ఆయిల్ పోసే డబ్బాలో మట్టం తగ్గితే పైన పోసేయడం కూడా ఒక తొందరపాటే. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ కిందికి జరిగి మట్టం తగ్గడం సహజం. అది ప్యాడ్ల గురించి బండి చెప్పే కబురు. పోసేస్తే ఆ కబురు మనకు అందదు.

దర్శనమై వచ్చేసరికి సెల్ఫ్ తీసుకోదు

ఇప్పుడు కొండ మీది సమస్య. సర్వదర్శనం క్యూలో ఒక రోజు గడిచిపోవడం కొత్తేం కాదు. బయటికొచ్చి, లడ్డూలు తీసుకుని, పార్కింగ్‌లో బండి వెతుక్కుని తాళం తిప్పితే "టక్ టక్ టక్". పిల్లవాడు వెనక సీట్లో లైటు వేసి దిగాడు.

ఆ చిన్న లైటు అంత పని చేస్తుందా? చిన్న కారు బ్యాటరీ సాధారణంగా 35 ఆంపియర్ అవర్లు. అంటే ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇవ్వగలదని స్థూలంగా అర్థం. పాత రకం 5 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 0.4 ఆంపియర్లు లాగుతుంది. 24 గంటలకు 10. రెండు బల్బులైతే 20, అంటే సగానికి పైగా ఖాళీ. హెడ్‌లైట్లు మర్చిపోతే రెండూ కలిపి 9, 10 ఆంపియర్లు, రెండు గంటల్లోనే పని అయిపోతుంది. ఎల్ఈడీ లైట్లు, కాసేపటికి వాటంతట అవే ఆరిపోయే ఏర్పాటు ఉన్న కొత్త కార్లలో ఈ బాధ తక్కువ.

బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకముందే సెల్ఫ్ ఎందుకు మొరాయిస్తుంది? సెల్ఫ్ మోటారుకు ఒక్క క్షణంలో 100 నుంచి 200 ఆంపియర్లు కావాలి. కుండలో సగం నీళ్లున్నా ధార సన్నబడినట్టు, సగం ఖాళీ అయిన బ్యాటరీ అంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేదు. మీటర్ పెట్టి చూస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు, సగానికి వచ్చింది 12.2, చేతులెత్తేసింది 12కు దిగువన. చూడ్డానికి అర వోల్టు తేడా, పనిలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత. వయసైన బ్యాటరీ అయితే ఇంకా ముందే చతికిలబడుతుంది. మన ఎండల్లో లోపలి పలకలు తొందరగా తినేసుకుంటాయి. ఏప్రిల్, మే నెలలు బ్యాటరీని దెబ్బతీస్తాయి, కొండ మీది చల్లటి తెల్లవారుజాము ఆ దెబ్బను బయటపెడుతుంది.

నాలుగో క్లిప్పు బ్యాటరీ మీద ఎందుకు పెట్టరు?

పక్క బండి నుంచి వైర్లు పెట్టి స్టార్ట్ చేయడం అందరూ చూసిందే. వరస కూడా చాలామందికి నోటికి వస్తుంది: ఎర్ర వైరు డౌనైన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కు, నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొన డౌనైన బండిలో ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. తీసేటప్పుడు వెనక నుంచి ముందుకు. ఈ చివరిదాని దగ్గరే జనం "మైనస్ మీదే పెడితే పోలా?" అంటారు. పెట్టినా బండి స్టార్ట్ అవుతుంది, అందుకే ఈ సందేహం తీరదు.

కారణం హైడ్రోజన్. సీసం, ఆమ్లం ఉన్న బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు కొంత హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో ఆ వాయువు 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. సర్క్యూట్ పూర్తయ్యేది చివరి క్లిప్పుతో, కాబట్టి రవ్వ ఎగిరేదీ అక్కడే. ఆ రవ్వను బ్యాటరీకి రెండడుగులు దూరం జరపడమే ఈ వరస వెనకున్న ఉద్దేశం. తొంభై తొమ్మిది సార్లు మైనస్ మీద పెట్టినా ఏమీ కాకపోవచ్చు. ఏదైనా అయ్యేనాటికి బ్యాటరీ మీద వంగి చూస్తూ ఉండేది మన ముఖమే, పగిలి చిమ్మేది ఆమ్లం.

రెండో సందేహం: సాయం చేసే బండి ఇంజిన్ నడుస్తూ ఉండాలా, ఆపాలా? వైర్లు తగిలించేటప్పుడు రెండూ ఆపి ఉండాలన్న దాంట్లో గొడవ లేదు. తర్వాత సాయం చేసే బండిని ఐదు పది నిమిషాలు నడపమంటారు, డౌనైన బ్యాటరీకి కాస్త ఊపిరి అందుతుందని. సెల్ఫ్ కొట్టే క్షణంలోనే తేడా. నడుస్తూ ఉంటే వోల్టేజీ 14 దాకా ఉంటుంది, పని సులువని ఒక వర్గం. ఒక్కసారిగా అంత కరెంటు లాగితే, ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే తమ ఆల్టర్నేటర్ మీద భారమని బండి ఇచ్చినవాళ్ల భయం. కంపెనీల బుక్కుల్లోనూ ఒకే మాట లేదు. సాయం చేసేవాళ్ల బండి కాబట్టి వాళ్ల బుక్కు చెప్పిందే చెల్లుబాటు కావడం న్యాయం.

ఏసీ వైరుతో పని జరగకపోవడానికి లెక్క

పార్కింగ్‌లో అసలు జంపర్ కేబుల్ దొరక్క, ఎవరో ఎలక్ట్రీషియన్ దగ్గరి రెండు ముక్కల వైరు తెస్తారు. ఇంట్లో ఏసీకి లాగే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరే అనుకుందాం. ఒక్కోటి రెండున్నర మీటర్లు, పోనూ రానూ ఐదు మీటర్లు. దాని నిరోధం 0.0215 ఓములు. 150 ఆంపియర్లు పారితే వైర్లలోనే 3.2 వోల్టులు పోతాయి. అంత లాగేటప్పుడు మంచి బ్యాటరీయే 11 వోల్టులకు దిగి ఉంటుంది. సెల్ఫ్ మోటారుకు చేరేది ఎనిమిది లోపే, మళ్లీ "టక్ టక్". ఆ వైరులో దాదాపు 480 వాట్ల వేడి కూడా పుడుతుంది, పై తొడుగు మెత్తబడుతుంది. అదే 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అయితే పోయేది అర వోల్టు. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే కేబుళ్లు పైకి లావుగా కనిపిస్తాయి, లావంతా ప్లాస్టిక్. లోపలి తీగ అల్యూమినియం మీద రాగి పూత.

ఇంకో ఆపద మంచి మనసుతో వస్తుంది. దారిలో లారీ ఆపి "మా బ్యాటరీ పెద్దది, దీన్నుంచి ఇస్తా" అంటారు. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి, మొత్తం 24. కారు కంప్యూటర్‌కు, సెన్సర్లకు ఆ రెట్టింపు వోల్టేజీ తగిలితే బండి స్టార్ట్ కావడం అటుంచి, బిల్లు బ్యాటరీ ఖరీదుకు ఎన్నో రెట్లవుతుంది. ప్లస్, మైనస్ తారుమారు చేసినా అదే గతి.

పల్లంలో వదిలేస్తే స్టార్ట్ కాదా?

అవుతుంది, గేర్లున్న బండి అయితే. తాళం ఆన్‌లో ఉంచి, సెకండ్ గేర్ వేసి, క్లచ్ తొక్కి తోయించుకుని, కాస్త వేగం అందుకోగానే క్లచ్ వదలడం మనకు తాతల నాటి విద్య. ఆటోమేటిక్ బండికి ఈ దారి మూసుకుపోయింది. బ్యాటరీ పూర్తిగా చచ్చి, మీటర్లో దీపాలు కూడా రాకపోతే ఫ్యూయల్ పంపుకు, కంప్యూటర్‌కు కరెంటు లేక గేర్ల బండి కూడా కదలదు.

కొండ మీద చిక్కేమిటంటే, పల్లం ఎంత పొడుగుంటే అంత ధీమా వస్తుంది. "ఈ మలుపు దాకా పోతే అదే పట్టుకుంటుంది" అనుకుంటూ ఇంజిన్ లేని బండిని ఘాట్‌లోకి వదులుతారు. అప్పుడు బూస్టర్‌లో వాక్యూమ్ లేదు, మూడో తొక్కుడుకు పెడల్ రాయి. పవర్ స్టీరింగ్ లేదు, చక్రం తిప్పాలంటే భుజాలు పడిపోవాలి. తాళం బయటికి తీసి ఉంటే స్టీరింగ్ లాకే పడుతుంది. పైన చెప్పిన నాలుగు ఫెయిల్యూర్లలో మూడోదాన్ని మనమే చేతులారా తెచ్చుకున్నట్టు. తోసేది పార్కింగ్‌లో చదును నేల మీదైతే గొడవే లేదు.

వైర్లు పెట్టి స్టార్ట్ చేశాక వెంటనే బయల్దేరి ఆపకుండా దిగితే, సెకండ్ గేర్లో తిరిగే ఇంజిన్‌తో ఆల్టర్నేటర్ సగటున 15 ఆంపియర్లు ఇచ్చిందనుకుంటే, 40 నిమిషాలకు 10 ఆంపియర్ అవర్లు బ్యాటరీలోకి చేరతాయి. సగానికి ఖాళీ అయిన బ్యాటరీకి అలిపిరి దగ్గర టీకి ఆపితే మళ్లీ సెల్ఫ్ తీసుకునే అవకాశం బాగానే ఉంది. అడుగంటిన బ్యాటరీ అయితే టీ తాగినంతసేపూ ఇంజిన్ ఆపకపోవడం నయం. ఆ పది ఆంపియర్ అవర్ల విలువ 0.14 యూనిట్లు. గేర్లో, కాలు తీసి దిగిన బండికి దాంట్లో చాలా వరకు పెట్రోలు నుంచి వచ్చింది కాదు, కొండ ఇచ్చిన రెండున్నర యూనిట్లలోంచి వచ్చిందే.